మొదట ఇచ్చిన నలుగురు

ఆట తెరవగానే నలుగుర్ని ఉత్తినే ఇస్తుంది.
డాలు మోసే ముసలోడు,
ఒంటికన్ను విలుకత్తె,
నిప్పు ఊదే సన్నాసి,
మందులమూట భుజానేసుకున్న మంగ.
మంగ అని నేనే పెట్టేను.
అసలుది ఏదో జపానోళ్ళ పేరు, నోరు తిరగదు.

పర్లాకిమిడిలో, కొమ్ముబొమ్మలు చేసే వీధి చివర
జెరాక్సు షాపులో నా కుర్చీ.
మధ్యాన్నం రెండు దాటితే కాపీ అడిగే నాథుడుండడు.
ట్యూషను ఎగ్గొట్టి ఢిల్లేసు వొస్తాడు.
ఫోను నాది, వేళ్ళు వాడివి.

రోజుకి ఇరవై సీసాల రసం.
అంతకి మించి చుక్క రాల్చదు ఆట.
ఒక్కడికే పోస్తే వాడు ఎదుగుతాడు.
నలుగురికీ పంచితే
నలుగురూ మూడో కొండ దగ్గరే చస్తారు.

"సన్నాసికి పొయ్యక్కా,
కొడితే తెరంతా ఎర్రగా అయిపోవాల" అంటాడు ఢిల్లేసు.
కాలేజీ నించి వస్తూ రశ్మిత ఒడియాలో తిడుతుంది:
ఉత్తినే వచ్చినోళ్ళకి ఎవరేనా ఖర్చుపెడతారా?
దాచుకో. రేపు పెట్టె తెరిస్తే
బంగారు అంచులవాళ్ళు దిగుతారు.
నిజమే, అందరూ చేసేది అదే.
మొదటి నలుగురూ గోడ దాటేదాకా వేసుకున్న ఇటికలు.

నేను మంగకి పోసేను.
ఇరవై సీసాలూ. పన్నెండు రోజులు.

ఎందుకంటే, ఏమో.
నాకూ మొదట్లో నాలుగు ఇచ్చేరు.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ,
సంతరోజు పసుపు తెచ్చే మార్తా గమాంగో వాళ్ళమ్మ దగ్గర
ఏరుకున్న పిడికెడు సవర మాటలు.
రసం మాత్రం ఒక్క సీసా.
నాన్న కొమ్ము కోసే రంపం ఆపకుండానే తేల్చేసేడు:
"ఉద్యోగం ఒడియాలో వొస్తాదే నీలా."
గుండ్రంగా రాసేను. గ్లాసు కూడా బహుమతిచ్చేరు.

తెలుగు పన్నెండో లెవెల్లో ఆగిపోయింది.
తిట్టగలదు, బేరమాడగలదు,
నిద్దట్లో ఏడవగలదు,
చదవలేదు.
పాతపట్నం వెళ్ళాలంటే బోర్డు కాదు,
డ్రైవరు మీసం చూసి బస్సెక్కేదాన్ని.

పందొమ్మిదో ఏట ఒక మామ్మ
మడతలు చిరిగిన కాగితం అద్దం మీద పెట్టి
"ఏటి రాసుందమ్మా ఇందులో?" అనడిగింది.
"నాకు తెలుగు రాదు మామ్మా"
అన్నాను, తెలుగులో.
ఆవిడ నా నోటికేసి చూసింది.
కాగితంకేసి చూసింది.
రెండు రూపాయలు గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయింది.
ఆ కాపీ మసగ్గా వచ్చిందని
ఇంకోటి తీసేను, ఆ మొదటిది నా దగ్గరే ఉండిపోయింది.
చదివితే ఏముంది,
రెండున్నర కుంచాల పొలం, ఇద్దరు కొడుకులు, ఒక బావి.
చదవడానికి మాత్రం ఏడాది పట్టింది.
స్వీటు డబ్బాలూ, అగ్గిపెట్టెలూ, పెళ్ళి కార్డులూ.
‘మ’కీ ‘య’కీ నా కళ్ళలో ఇప్పటికీ తగువే.

నిన్న ఏడో కొండ మీద అయిదుతలల పాము.
డాలోడు మొదటి కాటుకే పోయేడు.
విలుకత్తె బాణాలయిపోయి పోయింది.
సన్నాసి బాగా మండేడు, ఒక్కసారి.
మంగ మిగిలింది.
దానికి చంపడం రాదు.
పాము కరుస్తుంది, ఇది కట్టు కట్టుకుంటుంది.
మధ్యలో మందులమూటతో ఒక దెబ్బ,
పాముకి ఒక్క పాయింటు తగ్గుతుంది.
ఇంకా ఆరొందల నలభై.
ఛార్జింగు తొమ్మిది శాతం, కరెంటు లేదు.

అప్పుడే అవతలి టవరు మమ్మల్ని లాక్కుంది.
ఇక్కడ అంతే, నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారుతుంది,
కూర్చున్నా ఒక్కోసారి మారుతుంది.
తెర మీద అడ్డంగా మెసేజీ,
తెలుగులో.

"తుడిచెయ్యక్కా" అంటున్నాడు ఢిల్లేసు.

ప్రి... య... మై... న
కాదు, ‘మ’యే.
వి-ని-యో-గ-దా-రు-డా,
మీ... గ-డు-వు...

"అక్కా, పాము!"

ఆగరా,
ఇంకొక్క ముక్కుంది.